త్సుకమోటో: అన్నీ తానే చేసుకోవడం బలమా, గుదిబండా?

కత్తెర:
ఇండీ సినిమా (పెద్ద స్టూడియోలు లేకుండా సొంతంగా తీసేది) మాట రాగానే అందరూ జపాన్ దర్శకుడు షిన్యా త్సుకమోటో పేరు ఎత్తుతున్నారు. కథ, కెమెరా, ఎడిటింగ్, నటన, నిర్మాణం, అన్నీ ఆయనేనని. 1989లో 16 ఎంఎం చిన్న సైజు ఫిల్ము మీద నలుపు తెలుపులో తీసిన 67 నిమిషాల 'టెట్సువో: ది ఐరన్ మ్యాన్' రోమ్ ఫాంటాఫెస్టివల్‌లో ఉత్తమ చిత్రంగా నిలిచింది, కాదనను. కానీ ఆ పద్ధతే ఆయన కాళ్లకు గుదిబండ అయిందంటాను. స్టూడియో డబ్బు ముట్టనన్న పట్టుదల వల్ల 2011 నాటి 'కోటొకో' తర్వాత పన్నెండేళ్లలో వచ్చినవి మూడే సినిమాలు: 2014లో 'ఫైర్స్ ఆన్ ది ప్లెయిన్', 2018లో 'కిల్లింగ్', 2023లో 'షాడో ఆఫ్ ఫైర్'. గట్టి నిర్మాత వెనకుంటే ఆ చేతికి ఇంతకు రెట్టింపు పని దొరికేది.

వెన్నెలతెర:
స్టూడియో డబ్బు ముట్టలేదని ఎవరు చెప్పారండీ? 'టెట్సువో' అయిన వెంటనే 1991లో చేసిన 'హిరుకో ది గోబ్లిన్' బయటి నిర్మాతల సినిమానే. డైజిరో మొరొహోషి మాంగా (జపాన్ బొమ్మల కథ) ఆధారం, హీరో కెంజి సవాడా. 1999లో 'జెమినై' ఎదొగావా రాంపో కథ, పెద్ద స్టూడియో తోహో విడుదల చేసింది. 2006లో 'నైట్‌మేర్ డిటెక్టివ్', 2008లో దానికి సీక్వెల్. వరస చూస్తే ఒకటి బయటివాళ్లకు, రెండు మూడు తనకు అన్నట్టు సాగింది. నటన ఆదాయం వేరే ఉంది. దర్శకుడు మియికే తీసిన 'ఇచి ది కిల్లర్'లో ఉన్నాడు, హాలీవుడ్ దర్శకుడు స్కోర్సెసీ 'సైలెన్స్'లో సముద్రపు అలల మధ్య కట్టేసి చంపే మోకిచి ఈయనే. ఒంటరి యోధుడి కథ వినడానికి బాగుంటుంది గానీ, లెక్క అలా లేదు.

పదహారు ఎంఎం:
లెక్క అన్నారు కాబట్టి ఫిల్ము లెక్క చూద్దాం. 16 ఎంఎంలో అడుగుకు 40 ఫ్రేములు. సెకనుకు 24 చొప్పున నిమిషానికి 36 అడుగులు. 67 నిమిషాల సినిమాకు తెర మీద కనిపించేదే దాదాపు 2,400 అడుగులు. మూడింతలు తీశారనుకుంటే 400 అడుగుల డబ్బాలు పద్దెనిమిది సరిపోతాయి. పదింతలు తీస్తే అరవై. ల్యాబ్ కడుగుడు, ప్రింటు ఖర్చు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

'టెట్సువో'లో మనిషి వీధుల్లో జారుకుంటూ దూసుకుపోయే షాట్లు పిక్సిలేషన్‌తో తీసినవి. నటుడు ఒక భంగిమలో నిలబడాలి, ఒకటో రెండో ఫ్రేములు తీయాలి, నటుడు కాస్త ముందుకు జరగాలి, మళ్లీ తీయాలి. భంగిమకు రెండు ఫ్రేములైతే పది సెకన్ల షాట్‌కు 120 భంగిమలు. ఒక్కోదానికి అర నిమిషం పట్టినా గంట. ఫిల్ము పొదుపే, కరిగిపోయేది మనుషుల ఓపిక. పైగా ఆ గంటలో ఎండ మారుతుంది, నీడ జరుగుతుంది, అందుకే ఫ్రేముకూ ఫ్రేముకూ వెలుగు రెపరెపలాడుతుంది. మెలోడ్రామాలో అది తప్పు. ఇక్కడ ఇనుము మొలిచే ఒంటి కథ కాబట్టి ఆ అదురే శైలిగా చెల్లింది. ఈ పద్ధతిని వేరే కథకు అరువు తెచ్చుకునేవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఇదే.

మాయాబజార్ ఫ్యాన్:
ఒంటికి ఆ ఇనుప ముక్కలు ఎలా నిలిచాయంటారు? కాలేజీ షార్ట్ ఫిల్ముల్లో టేపు వేస్తే పావుగంటకే ఊడిపోతోంది.

పదహారు ఎంఎం:
చర్మానికి నేరుగా రెండువైపులా అంటుకునే టేపు వేస్తే చెమటకు ఊడుతుంది, లైట్ల కింద ఇంకా తొందరగా. బిగుతైన పల్చటి బనీను మీదో స్టాకింగ్ మీదో ముక్కలు కుట్టి, అంటించి, తర్వాత తొడగాలి. చర్మం మీద తప్పనిసరైతే స్పిరిట్ గమ్ (మేకప్ జిగురు) వాడాలి. బరువు ముక్కలు నడుముకు, భుజానికి పట్టీతో వేలాడదీయాలి. మామూలు షాట్‌లో ఒక వైరు ముక్క రాలితే ఎవరి కంటా పడదు. పిక్సిలేషన్‌లో అది ఒక్క ఫ్రేములో మాయమై గంతులా కనిపిస్తుంది. అందుకే ప్రతి విరామంలో ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి ఫొటో తీసి పెట్టుకోవాలి. అంచులున్న రేకుకు సాండ్‌పేపర్ కొట్టడం మరిచిపోకండి.

కత్తెర:
పద్ధతి గొప్పే. కానీ ఆ ఓపిక ఎవరిదో కూడా చూడండి. ఏడాదికి పైగా సాగిన ఆ షూటింగ్‌లో సిబ్బంది ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తెరవెనక మిగిలింది కొద్దిమందే. షూటింగ్‌లో ఎక్కువ భాగం నటి కేయి ఫుజివారా ఇంట్లోనే నడిచింది. ఆమె నటించడమే కాదు, కెమెరా కూడా పట్టుకుంది. దర్శకుడి పేరు ఒక్కటే పైకొస్తే ఆమె పని ఏ ఖాతాలో వేయాలి? పాతికేళ్ల తర్వాత 'ఫైర్స్ ఆన్ ది ప్లెయిన్' కూడా వాలంటీర్ల మీదే నడిచింది. జీతం ఇవ్వకుండా పని చేయించుకోవడాన్ని స్వేచ్ఛ అంటే ఒప్పుకోను.

వెన్నెలతెర:
ఫుజివారా విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఆమె తర్వాత 1996లో 'ఆర్గన్' అనే సొంత సినిమా తీసింది, దాని గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ. సంగీతం చూ ఇషికావాది. ఇనుము మీద ఇనుము కొట్టిన ఆ శబ్దం లేకపోతే 'టెట్సువో' సగం సినిమానే. 2017లో ఆయన పోయాక 'కిల్లింగ్'కు ఆయన వదిలి వెళ్లిన సంగీతాన్నే వాడుకున్నాడు దర్శకుడు. అంటే 'అన్నీ తానే' అన్న మాట మొదటి నుంచీ నిజం కాదు.

వాలంటీర్ల సంగతికి వస్తే, 'ఫైర్స్ ఆన్ ది ప్లెయిన్' షొహెయ్ ఓఓకా నవల ఆధారంగా తీసింది. రెండో ప్రపంచయుద్ధం ఫిలిప్పీన్స్ అడవుల్లో ఆకలికి మనిషి మాంసం దాకా పోయిన జపాన్ సైనికుల కథ అది. పెట్టుబడి పెట్టేవాళ్లు ముందుకు రాలేదు. ఆయనకు మిగిలిన దారులు రెండే: తీయకపోవడం, ఇలా తీయడం. ముఖ్యపాత్ర తమురాను తానే వేసింది కూడా అందుకే.

తెరచాప:
అందరూ తీయడం గురించే మాట్లాడుతున్నారు. నా దృష్టిలో ఆయన కెరీర్‌ను నిలబెట్టినవి వేరే రెండు.

మొదటిది నిడివి. 'టోక్యో ఫిస్ట్' 87 నిమిషాలు, 'ఎ స్నేక్ ఆఫ్ జూన్' 77, 'ఫైర్స్ ఆన్ ది ప్లెయిన్' 87, 'కిల్లింగ్' 80, 'షాడో ఆఫ్ ఫైర్' 95. మన దగ్గర రెండున్నర గంటల కథ రాసుకుని త్సుకమోటో బడ్జెట్‌లో తీస్తామనేవాళ్లు ముందు ఇది చూడాలి. నిడివి సగమైతే షూటింగ్ రోజులు, డబ్బింగ్, మిక్సింగ్ అన్నీ తగ్గుతాయి. 'ఎ స్నేక్ ఆఫ్ జూన్' నలుపు తెలుపులో తీసి నీలి రంగు ఎక్కించినది, దాదాపు మూడే పాత్రలు, చిన్న ఫ్రేము, ఎడతెగని వాన. అది 2002లో వెనిస్‌లో ప్రత్యేక జ్యూరీ బహుమతి తెచ్చింది. 

రెండోది, సినిమా హక్కులు తన దగ్గరే ఉంచుకోవడం. సంస్థ పేరు కైజ్యు థియేటర్, ముందు నాటక బృందంగా మొదలైనదే. 'అడ్వెంచర్ ఆఫ్ డెంచు కొజో' నాటకానికి కట్టిన సెట్ కూల్చేయడం ఇష్టం లేక 8 ఎంఎంలో సినిమాగా తీశారు, అది 1988లో జపాన్‌లోని పియా ఫిల్మ్ ఫెస్టివల్ గ్రాండ్ ప్రైజ్ తెచ్చింది. 'ఫైర్స్ ఆన్ ది ప్లెయిన్'ను 2015 జులైలో జపాన్‌లో సొంతంగా విడుదల చేశాడు. అప్పటి నుంచి యుద్ధం ముగిసిన ఆగస్టు వచ్చిందంటే మినీ థియేటర్లలో (చిన్న స్వతంత్ర హాళ్లలో) మళ్లీ వేస్తున్నారు. మొదటి వారం వసూళ్లతో లెక్క ముగిసే సినిమా కాదది. హక్కులు పంపిణీదారుకు ఒకేసారి అమ్మేసి ఉంటే ఏటా తిప్పే నిర్ణయం ఆయన చేతిలో ఉండేది కాదు.

కత్తెర:
నిడివి మాట ఒప్పుకోవచ్చు. కానీ మినీ థియేటర్ల వ్యవస్థ ఉన్న దేశంలో అది కుదిరింది. వంద సీట్ల హాల్లో వారాల తరబడి నడిచే సినిమాకు హైదరాబాద్‌లో చోటెక్కడ? మల్టీప్లెక్స్‌లో శుక్రవారం వేస్తే సోమవారానికి షో ఎత్తేస్తారు.

తెరచాప:
అది ఆయన పద్ధతి లోపం కాదు కదా. ఫిల్మ్ క్లబ్బులు, కాలేజీ ఆడిటోరియాలు, ప్రసాద్ ల్యాబ్స్ ప్రివ్యూ థియేటర్ లాంటివి అద్దెకు తీసుకుని టికెట్ పెట్టి నెలకొక ఊరు తిప్పవచ్చు. సెన్సార్ సర్టిఫికెట్ మాత్రం ముందే తీసుకోండి, అది లేకుండా టికెట్ అమ్మితే చిక్కు.

పదహారు ఎంఎం:
ఒక్క ముక్క అడుగుతాను కత్తెర గారూ. గట్టి నిర్మాత ఉంటే బాగుండేదన్నారు. 2009లో ఇంగ్లీషులో, అమెరికన్ హీరోతో, బయటి మార్కెట్‌ను చూసుకుని తీసిన 'టెట్సువో: ది బుల్లెట్ మ్యాన్' ఉంది. మూడు 'టెట్సువో'ల్లో అదే బలహీనమని నేననుకుంటున్నా. మీ మాట?

కత్తెర:
అది బలహీనమే. కానీ 'జెమినై' చూసి ఇదే మాట అనండి చూద్దాం.