మిగిలిన కూర, సీజన్‌లో దొరికే కాయ: ఫ్రీజర్‌లో మీరు ఎలా దాస్తున్నారు?

నల్లగొండ నుంచి:
గత దసరాకు వండిన మాంసం కూర సగానికి సగం మిగిలింది. అలసటలో రాత్రంతా గిన్నెతో పొయ్యి మీదే వదిలేసినందున మరునాడు పారబోయవలసి వచ్చింది, ఆ బాధ ఇంకా నన్ను వదలలేదు. ఫ్రీజర్‌లో ఏవి నిలిచాయో, ఏవి చెడిపోయాయో అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.

జడ్చర్ల నుంచి:
మాంసం కూర చక్కగా నిలుస్తుందండీ. అయితే పెద్ద గిన్నెలో అలాగే ఉంచితే నడుమ భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండి సూక్ష్మజీవులు పెరుగుతాయి కాబట్టి, వెడల్పాటి పళ్లెంలో పరచి చల్లార్చి, పూటకు సరిపడా చిన్న డబ్బాలలో నింపి, వండిన 2 గంటలలోపే లోపల పెట్టాలి. మైనస్ 18 డిగ్రీల వద్ద సూక్ష్మజీవుల పెరుగుదల ఆగుతుందే గాని అవన్నీ చావవు. అప్పటికే పులిసిన కూరను ఫ్రీజర్ బాగుచేయలేదు. ఆలుగడ్డ వేసిన కూరను మాత్రం నేను పెట్టను, కరిగాక ముక్క స్పాంజిలా నీరు కారుతుంది.

నాగర్‌కర్నూల్ నుంచి:
మా పాలమూరు వైపు సంక్రాంతి రోజులలో అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయలు) విరివిగా వస్తాయి. మొదటి సంవత్సరం ఒలిచిన గింజలను నేరుగా కవరులో వేసి పెట్టాను. కొన్ని వారాలకే రంగు తగ్గి పచ్చిగడ్డి వాసన వచ్చింది, ఎందుకంటే గింజలోని ఎంజైములు ఆ చలిలోనూ మెల్లగా పనిచేస్తూనే ఉంటాయి. ఇప్పుడు మరిగే నీటిలో 2 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీటిలోకి మార్చి, బట్ట మీద తడి పూర్తిగా ఆరనిచ్చి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించిన తరువాతే కవరులో పోస్తున్నాను. కవరు కుదిపితే గింజలు గులకరాళ్లలా గలగలమంటాయి, కావలసినన్ని గుప్పెడుతో తీసుకోవచ్చు.

బాలానగర్ నుంచి:
సీతాఫలాలు ఒకేసారి పండి రెండు రోజులలో మెత్తబడిపోతాయి. గుజ్జును జల్లెడ మీద చెంచాతో రుద్ది తీయండి. మిక్సీలో వేస్తే గింజలు పగులుతాయి, అవి తినదగినవి కావు. కొద్దిగా నిమ్మరసం కలిపి, గాలి లేకుండా కవరు మూస్తే నల్లబడడం తగ్గుతుంది.

దేవరకొండ నుంచి:
కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకండి. విడిగా ఉండే ఫ్రీజర్ నిండుగా ఉంటే సుమారు 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు చల్లదనం నిలుస్తుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని చిన్న అరకు అంత వ్యవధి ఉండదు. ఊరికి వెళ్లే ముందు గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్తాను. తిరిగి వచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే లోపలివన్నీ ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టాయని అర్థం, వాటిని వాడను.

నల్లగొండ నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్నటి కూరను నాలుగు డబ్బాలకు సర్ది, మూతల మీద తేదీ రాసి పెట్టాను. తీసి వాడేటప్పుడు బయట ఉంచి కరిగించవచ్చునా?

జడ్చర్ల నుంచి:
వద్దండీ. ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి, తెల్లవారేసరికి కరుగుతుంది. ఆపై కూర అంతా కుతకుత ఉడికే వరకు వేడిచేసి, ఆ పూటే ముగించండి.