287 హైవే మీద చిన్న ఊళ్ల స్పీడ్ టికెట్లు: సేఫ్టీయా, వసూలా?

ప్లేనో_సత్తి:
డల్లాస్ నుంచి కారులో కొలరాడో వెళ్లే మనవాళ్లందరికీ 287 తెలుసు. విచిటా ఫాల్స్ దాటాక అమరిల్లో దాకా అన్నీ చిన్న ఊళ్లే. గంటకి 75 మైళ్లలో పోతున్న రోడ్డు ఊరు రాగానే 55 అవుతుంది, ఇంతలోనే 35 అంటుంది. పోయిన వారం ఒక ఊరి మొదట్లో, 35 బోర్డు దాటానో లేదో, వెనక లైట్లు వెలిగాయి. 52లో వెళ్తున్నానట. ఫైను 260 డాలర్లు. ఆ ఊళ్లో ఉన్నది ఒక గ్యాస్ స్టేషను, నాలుగు మూతపడ్డ షాపులు. పోలీసు కారు మాత్రం తళతళలాడుతోంది. ఇది సేఫ్టీ కాదు, వసూలు. ఎవరైనా కోర్టుకెళ్లి కొట్లాడారా?

ఫ్రిస్కో_బావ:
వేజ్ యాప్ పెట్టుకోండి అన్నా, పోలీసు ఎక్కడున్నాడో ముందే చెప్తుంది.

పల్లె_డాక్టర్:
బోర్డు మీద 35 అని ఉంది. మీరు 52లో వెళ్లారు. షాపులు మూతపడితే ఏంటి, తెరిచుంటే ఏంటి?

లెక్కల_మాస్టారు:
55 బోర్డుకీ 35 బోర్డుకీ మధ్య దూరమెంత? అది తెలియకుండా వాదన దండగ. సెకనుకి 2 మైళ్ల చొప్పున మెల్లగా తగ్గించినా 55 నుంచి 35కి రావడానికి 10 సెకన్లు, 660 అడుగులు చాలు. అంతకంటే ఎక్కువ దూరం ఉంటే తప్పు మీదే.

ప్లేనో_సత్తి:
మాస్టారూ, రాత్రిపూట వెనకాల పెద్ద ట్రక్కు తరుముకొస్తుంటే అడుగులు ఎవరు లెక్కపెడతారు? డాక్టర్ గారూ, బోర్డు చదవడం నాకూ వచ్చు. ఆ పోలీసు స్కూలు దగ్గర నిలబడలేదు, ఊరి మధ్యలో నిలబడలేదు. ఇళ్లే లేని చోట, బోర్డు పక్కనే చీకట్లో కాచుకున్నాడు. దాని గురించి మాట్లాడండి.

రోడ్డు_పిచ్చోడు:
సత్తి చెప్పేది కొత్త విషయం కాదు. ఫ్లోరిడాలో 301 హైవే మీద వాల్డో అని ఒక ఊరుంది. జాగ్రత్తగా వెళ్లండంటూ ఏఏఏ అనే వాహనదారుల సంఘం వాళ్లు ఆ దారిలో హోర్డింగే పెట్టారు. ఇన్ని టికెట్లు రాసి తీరాలని కోటా పెట్టారని అక్కడి పోలీసులే బయటపెడితే 2014లో ఆ ఊరి పోలీసు శాఖనే ఎత్తేశారు. దాని పక్కనే హాంప్టన్. 500 మంది కూడా లేని ఊరు, హైవేలో 1,260 అడుగుల ముక్కని తన పరిధిలో కలిపేసుకుని టికెట్లు రాసింది. అలబామాలో బ్రూక్‌సైడ్ అయితే మరీ దారుణం. జనాభా 1,250 చిల్లర, 2020లో ఊరి ఆదాయంలో దాదాపు సగం ఫైన్లూ జప్తులే. 2022లో పత్రికలో వచ్చాక గానీ పోలీస్ చీఫ్ దిగిపోలేదు. ఇవన్నీ సేఫ్టీ కోసమే చేశారంటారా?

పల్లె_డాక్టర్:
అవి దొంగ ఊళ్లు, ఒప్పుకుంటాను. వాటిని చూపించి ప్రతి ఊరినీ అలాగే అనడం న్యాయం కాదు. టెక్సస్‌లో టికెట్లకి కోటా పెట్టడం నిషేధం. 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి ఇంకో చట్టం కూడా ఉంది. ఫైన్లూ ఫెడరల్ నిధులూ తీసేసి, ముందటి ఏడాది ఆదాయంలో 30 శాతం ఎంతో, అంతవరకే ట్రాఫిక్ ఫైన్ల డబ్బు ఉంచుకోవాలి. అది దాటాక ఒక్కో ఫైనులో ఒక డాలరు తప్ప మిగతాదంతా రాష్ట్రానికి పోతుంది.

రోడ్డు_పిచ్చోడు:
సార్, ఆ చట్టమే నా సాక్ష్యం. వసూలు అనేదే లేకపోతే 30 శాతం గీత ఎందుకు గీశారు? పైగా పరిమితి దాకా తినొచ్చని చట్టమే చెప్తోంది కదా. మిస్సోరీలో కూడా ఒక చిన్న ఊరి టికెట్ల బాధ పడలేకే 1995లో ఇలాంటి చట్టం తెచ్చారు, దానికి మాక్స్ క్రీక్ అని ఆ ఊరి పేరే పెట్టారు.

కూకట్‌పల్లి_కుర్రోడు:
మీకు కనీసం మనిషి వచ్చి ఆపుతాడు. మాకు హైదరాబాద్‌లో ఫోటో కొట్టి 1035 రూపాయల చలాను పంపిస్తారు, చూసుకునేసరికి నాలుగైదు ఉంటాయి. 2023 డిసెంబర్‌లో బైకుల చలాన్లకి 80 శాతం తగ్గించారు. సేఫ్టీ కోసమైతే డిస్కౌంట్ ఎందుకు ఇస్తారు? అప్పట్నుంచి ఎవరూ టైముకి కట్టట్లేదు, మళ్లీ డిస్కౌంట్ వస్తుందని చూస్తున్నారు.

లెక్కల_మాస్టారు:
అది వేరే టాపిక్. సత్తి గారు ఇంకా దూరం చెప్పలేదు.

పల్లె_డాక్టర్:
ఇక నేరుగా చెప్తాను. "ఒక గ్యాస్ స్టేషను, నాలుగు మూతపడ్డ షాపులు" అన్నారే, నేను ఉండేది అలాంటి ఊళ్లోనే. జే1 వేవర్ మీద వచ్చాను, అంటే డాక్టర్లు తక్కువున్న ఊళ్లో కొన్నేళ్లు పనిచేయాలన్న షరతుతో ఇచ్చే వీసా మినహాయింపు. ఆ పనిచేయాల్సిన గడువు అయిపోయినా ఈ ఊళ్లోనే ఉండిపోయాను. హైవేకి ఒక పక్క ఇళ్లు, ఇంకో పక్క స్కూలు. 32 మైళ్ల వేగంతో కారు గుద్దితే నడిచే మనిషి చనిపోయే అవకాశం 25 శాతం, 42 అయితే 50 శాతం. ఏఏఏ ఫౌండేషన్ లెక్క అది. మీది 52. ఇలాంటి కేసుల్ని ఎమర్జెన్సీలో చూసేది నేను, ఆ ఇంటివాళ్లకి చెప్పాల్సిందీ నేనే. డల్లాస్ వాళ్లకి మా ఊరు స్పీడు తగ్గించాల్సిన చోటు, అంతే. మనుషులుంటారని ఒక్కరూ అనుకోరు.

ప్లేనో_సత్తి:
ఎమర్జెన్సీ కథ చెప్పి నా నోరు మూయించకండి. ఇళ్లే లేని చోట ఆపారని ముందే చెప్పాను. మీకు గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో వచ్చేసి ఉంటుంది. నేను హెచ్1బి, డిసెంబర్‌లో వీసా స్టాంపింగ్‌కి వెళ్లాలి. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ స్టూడెంట్ల సెవిస్ రికార్డులు, అంటే ప్రభుత్వం దగ్గరుండే స్టూడెంట్ వీసా రికార్డులు, తీసేసినప్పుడు ట్రాఫిక్ టికెట్ తప్ప ఇంకేమీ లేనివాళ్లూ అందులో ఉన్నారు. కోర్టు కేసులు పడ్డాక గానీ వెనక్కి ఇవ్వలేదు. మా తమ్ముడి రూమ్మేట్ ఆ వారాల్లో అన్నం తినలేదు. 260 డాలర్లు నాకు లెక్క కాదు. కొట్లాడాలంటే లీవు పెట్టి నాలుగు గంటలు డ్రైవ్ చేయాలి. వదిలేస్తే వారెంటు. కాబట్టి నోరుమూసుకుని కట్టేస్తాం, కట్టేస్తామని వాళ్లకీ తెలుసు. ఆ ఊళ్లో ఓటు లేనివాడి జేబులోంచి ఊరు నడుస్తోంది. నా కోపం దాని మీద, 35 బోర్డు మీద కాదు.

పల్లె_డాక్టర్:
ఈ మాట మొదటే అనుంటే నేను వేరేగా మాట్లాడేవాణ్ణి. వీసా భయం నాకు తెలియనిది కాదు. అయినా మా ఊరివాళ్లకి కూడా అదే పోలీసు టికెట్ రాస్తాడు, నాకూ రాశాడు. మీ భయానికి కారణం వాషింగ్టన్‌లో ఉంది, మా ఊళ్లో లేదు.

రోడ్డు_పిచ్చోడు:
భయం ఎక్కడిదైనా దాని మీద డబ్బు చేసుకునేది మాత్రం ఊరే కదా సార్.

డిఫెన్సివ్_రవి:
గొడవ తర్వాత పడండి. సత్తి అన్నా, నీది 17 మైళ్లు ఎక్కువ. 25 లోపే కాబట్టి, టెక్సస్ లైసెన్సు ఉండి గత 12 నెలల్లో తీసుకోకపోతే డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు అడగొచ్చు. ఆన్‌లైన్లో 6 గంటలు, కోర్టు ఫీజు కట్టాలి, పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. పనివాళ్లున్న వర్క్ జోన్ అయితే మాత్రం కుదరదు. కొట్లాడతానంటే నాట్ గిల్టీ అని పోస్టులో పంపు, జ్యూరీ కూడా అడగొచ్చు. ఏదైనా టికెట్ మీద ఉన్న తేదీలోపే. స్టాంపింగ్ సంగతి లాయర్‌ని అడుగు, ఇక్కడ కాదు.

ప్లేనో_సత్తి:
కోర్సు అడుగుతాను. ఆ ఊరికి ఉత్తరం కూడా రాస్తాను, పోలీసుని స్కూలు దగ్గర నిలబెట్టమని.

లెక్కల_మాస్టారు:
ఉత్తరంలో బోర్డుల మధ్య దూరం కూడా రాయండి.