గల్లా మీది క్యూఆర్ స్టిక్కర్ మారిస్తే ఎట్ల పట్టాలె?

హన్మకొండ కిరాణం: బతుకమ్మ గిరాకీల మన క్యూఆర్ మీద వేరేది అంటించినా, ఉత్త స్క్రీన్‌షాట్ చూపించి పోయినా ఎట్ల తెలుస్తది?

కాజీపేట మొబైల్స్: అన్నా, పొద్దుగాల షట్టర్ లేపంగనే ఇంట్లోళ్ల ఫోన్‌తోని స్కాన్ చేసి పేరు చూడుండ్రి. పైసలు పంపే పని లేదు. గోటితోని అంచు గీకితే రెండో పొర ఉంటే దొరుకుతది. గల్లా అద్దం లోపలి దిక్కు అంటించుడే మేలు, బయట గోడకు వద్దే వద్దు.

వరంగల్ చౌరస్తా: స్క్రీన్‌షాట్ నమ్మకుండ్రి. నకిలీ యాప్‌లు పచ్చ టిక్కు సుత చూపిస్తయి. పైసలు వచ్చినయని చెప్పే సౌండ్‌బాక్స్ పలకాలె. అది సిమ్ మీద నడుస్తది, సిగ్నల్ సరిగ లేకుంటే ఆలస్యమైతది. అప్పుడు మీ యాప్‌ల 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఒక్కో చెల్లింపుకు వచ్చే గుర్తింపు నంబర్) గిరాకీ ఫోన్‌ల ఉన్నదానితోని కలిపి చూడుండ్రి.

కాజీపేట మొబైల్స్: పైసలు పోతే ముందుగాల సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, తర్వాతనే ఠాణా. ఆలస్యమైతే దొంగోడు ఆ పైసలను ఖాతాలకెళ్లి తీసేసుకుంటడు.