డుబ్రోవ్నిక్‌లో ఓడ వాళ్ల టూరా, మన దారిన మనమా?

తీరం_చూద్దాం:
వచ్చే వేసవికి అమ్మానాన్నలతో క్రూయిజ్ బుక్ చేశాను. అందులో ఒకరోజు క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్. ఓడ పొద్దున 8కి వస్తుంది, సాయంత్రం 5కి వెళ్లిపోతుంది. పాత ఊరు చూపించే టూర్ ఓడ వాళ్లే అమ్ముతున్నారు. రేటు చూసి గుండె ఆగినంత పనైంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. టూర్ తీసుకోవాలా, సొంతంగా వెళ్లొచ్చా?

టికెట్టు_తమ్ముడు:
సొంతంగా వెళ్లండి, ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఓడలు ఆగే గ్రూజ్ రేవు నుంచి పాత ఊరి పీలే ద్వారం దాకా మహా అయితే 3 కిలోమీటర్లు. రేవు బయటే సిటీ బస్సు దొరుకుతుంది. టికెట్ డ్రైవర్ దగ్గర కాకుండా కియోస్క్‌లో కొంటే ఇంకాస్త తక్కువ. టూర్ బస్సు కూడా పీలే దగ్గరే దింపుతుంది, కోట గోడల లోపలికి ఏ బండీ వెళ్లదు. అదే రోడ్డుకి, అదే నడకకి అన్ని రెట్లు డబ్బు ఎందుకు పోయాలి?

ఓడెక్కిన_కోడలు:
అసలు విషయం వదిలేశారు. ఓడ వాళ్ల టూర్‌లో ఉండి లేటైతే మన కోసం ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లి లేటైతే ఆగదు. 5కి బయల్దేరే ఓడ అంటే అందరూ ఎక్కాల్సిన టైము 4.30 అనుకోండి. పెద్దవాళ్లతో ఆ టెన్షన్ అవసరమా?

టికెట్టు_తమ్ముడు:
3 కిలోమీటర్లండీ. మూడు. బస్సు రాకపోతే టాక్సీ ఉంది, టాక్సీ లేకపోతే నడిచినా ముక్కాలు గంట.

ఓడెక్కిన_కోడలు:
మోకాళ్ల నొప్పులు ఉన్నావిడ ముక్కాలు గంటలో నడుస్తారా? ప్రశ్న చదివారా మీరు?

గోడమీదపిల్లి:
ఇద్దరిదీ కరెక్టే అనిపిస్తోంది నాకు.

అలలమీద:
ముందు ఓడ గ్రూజ్‌లో కడుతుందో, లోక్రుమ్ దీవి పక్కన లంగరేస్తుందో కనుక్కోండి. లంగరైతే టెండర్ బోట్లు, అంటే ఓడ నుంచి ఒడ్డుకి చేర్చే చిన్న పడవలు, నేరుగా పాత ఊరి రేవులోనే దింపుతాయి, అప్పుడీ బస్సు గొడవే లేదు. కాకపోతే మామూలుగా టూర్ కొన్నవాళ్లనే ముందు బోటెక్కిస్తారు, మిగతావాళ్లు వెయిట్ చేయాలి.

టికెట్టు_తమ్ముడు:
చూశారా, అక్కడ కూడా టూర్ కొనిపించే ప్లానే. నాకు ఈ టూర్లంటే మంట ఎందుకో చెప్తాను వినండి. ఇంకో ఊళ్లో ఇలాగే మా నాన్న మోకాళ్ల కోసమని టూర్ కొన్నాను. చొక్కాకి నంబర్ స్టిక్కర్ అంటించారు, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టారు. గైడ్ ఆ నంబర్ బోర్డు ఎత్తుకుని ముందు పోతూనే ఉంది. నాన్న వెనకబడే కొద్దీ ఇయర్‌ఫోన్‌లో మాట గరగరమని, చివరికి అదీ ఆగిపోయింది. గుంపు ఎటు పోయిందో తెలియక ఆయన ఒక చర్చి మెట్ల మీద కూర్చుండిపోయారు. తర్వాత అందరినీ తీసుకెళ్లి నగల షాపులో మాత్రం తీరిగ్గా నిలబెట్టారు. నెమ్మదిగా నడిచేవాళ్లకి టూర్ అంత దండగ ఇంకోటి లేదు.

ఓడెక్కిన_కోడలు:
డబ్బు మిగుల్చుకోవడానికి ఎన్ని కబుర్లైనా చెప్తారు.

టికెట్టు_తమ్ముడు:
డబ్బు గురించి ఎవరు మాట్లాడారండీ ఇప్పుడు? మా నాన్న గురించి చెప్తుంటే మీకు పిసినారితనం కనిపించిందా? కంపెనీ వాళ్లు భయపెడతారు, మీలాంటివాళ్లు దాన్నే ఇంకో నలుగురికి అంటిస్తారు.

గ్రూజ్_వంటవాడు:
కాస్త ఆగండి ఇద్దరూ. నేను ఈ ఊళ్లోనే ఒక హోటల్ వంటగదిలో పనిచేస్తున్నాను, రోజూ ఆ బస్సే ఎక్కుతాను. ట్రాఫిక్ మాటకొస్తే, ఓడలున్న రోజు పీలే దగ్గర బస్సు కదలదు. 2019లో ఊరివాళ్లు క్రూయిజ్ కంపెనీల సంఘంతో ఒప్పందం చేసుకుని, ఒకేసారి రెండు ఓడలు, 4,000 మంది ప్రయాణికులు అని హద్దు పెట్టాకే ఈ మాత్రమైనా ఊపిరాడుతోంది. 1377లో ప్లేగు ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లను నెల రోజులు బయటే ఉంచిన ఊరిది, మనల్ని ఇంకా మర్యాదగానే చూస్తున్నారు. గోడల లోపల 1991లో ఐదు వేల మంది దాకా ఉండేవారు, ఇప్పుడు రెండు వేలు కూడా లేరు, ఇళ్లన్నీ అద్దె గదులైపోయాయి. మీరు టూర్‌లో రండి, బస్సులో రండి, ఊరికి తేడా లేదు. ఫోటోలు దిగి భోజనానికి ఓడకే పోయేవాళ్లతోనే మా బాధ.

టికెట్టు_తమ్ముడు:
అదీ మాట. టూర్ డబ్బులో ఓడ వాళ్లది పోగా ఊరికి మిగిలేదెంత?

గ్రూజ్_వంటవాడు:
అన్నా, కియోస్క్‌లో టికెట్ కొని పైసలు మిగిల్చేవాడివి నువ్వూ పెద్దగా ఇచ్చేదేం లేదులే. టూర్‌కి వచ్చే గైడ్ కనీసం లైసెన్స్ ఉన్న ఇక్కడి మనిషి, ఆమెకో జీతం.

గోడమీదపిల్లి:
పాప్‌కార్న్ తెచ్చుకుంటాను ఉండండి.

ఓడెక్కిన_కోడలు:
సరే, నేనూ చెప్పేస్తాను. ఒక రేవులో మాకు ఓడ తప్పిపోయింది. మా ఆయన "ఇంకా టైముంది, టైముంది" అంటూ కాఫీ దగ్గర కూర్చున్నారు. మేం చేరేసరికి ఓడ కదిలిపోయింది. మా గదిలోంచి పాస్‌పోర్టులు తీసి పోర్ట్ ఏజెంట్‌కి ఇచ్చి వెళ్లారు, ఒక కవర్లో, పైన మా గది నంబర్. అత్తగారి బీపీ మాత్రలు ఓడలోనే ఉండిపోయాయి. తర్వాతి రేవు దాకా విమానం ఖర్చు మాదే. అదంతా సరే, ఈనాటికీ ఇంట్లో ఆ మాట వస్తే అందరూ నావైపే చూస్తారు, ఆవిణ్ని తీసుకెళ్దామన్నది నేను కాబట్టి. తమ్ముడు గారూ, నేను టూర్ డబ్బు కట్టేది గైడ్‌కీ కాదు, బస్సుకీ కాదు. తేడా వస్తే నింద నా మీద కాకుండా కంపెనీ మీద పడాలని కడతాను. మీకు అర్థం కాదు, మిమ్మల్ని ఎవరూ అనరు.

టికెట్టు_తమ్ముడు:
అంటే ఆవిడ హాయిగా చూశారా లేదా అన్నది కాదు, ఎవర్ని ఎవరంటారన్నదా లెక్క?

ఓడెక్కిన_కోడలు:
అవును. మీ ఇంట్లో ఆ లెక్క మీ తరఫున వేరేవాళ్లు మోస్తున్నారేమో, ఒకసారి అడిగి చూడండి.

తీరం_చూద్దాం:
అయ్యో, నా వల్ల గొడవ వద్దు. అమ్మకు కోట గోడల మీదకి ఎక్కి నడవాలని లేదు, నాన్నకే ఆ సరదా. ఈ మాట ముందే చెప్పాల్సింది.

గ్రూజ్_వంటవాడు:
అయితే తేలికే. గోడల చుట్టు 1,940 మీటర్లు, మెట్లే వెయ్యి దాటతాయి, నీడ ఉండదు, సీజన్‌లో టికెట్ మనిషికి 35 యూరోలకి తక్కువ లేదు. నాన్నగారిని ఓడ దిగగానే పంపండి, ఎండెక్కితే కష్టం. ఒకే దిశలో నడవాలి. పైనుంచి ఇళ్ల పెంకులు చూడమనండి, రంగు వెలిసినవి పాతవి, నిగనిగలాడేవి 1991, 92 యుద్ధంలో షెల్లింగ్ తర్వాత వేసినవి. ఎన్ని ఇళ్లు దెబ్బతిన్నాయో గైడ్ చెప్పకుండానే తెలిసిపోతుంది. అమ్మగారికి స్ట్రాడున్ వీధి చాలు, మూడొందల మీటర్లలోపు, చదునుగా ఉంటుంది. కానీ రాళ్లు అరిగి అద్దంలా ఉంటాయి, వాన పడితే జారతాయి. పీలే ద్వారం లోపల దిగుడు ఉంది, అక్కడ చెయ్యి పట్టుకోండి. భోజనం మాత్రం ఊళ్లోనే చేయండి.

ఓడెక్కిన_కోడలు:
బస్సులోనే వెళ్లండి అయితే. కానీ 2కల్లా తిరుగు బస్సెక్కేయాలి.

టికెట్టు_తమ్ముడు:
3కి చాలు.

ఓడెక్కిన_కోడలు:
2.