ఆర్‌కే 0.846 నుంచి 0.949కి ఎందుకు మారింది? జే/సై పరీక్ష ఎందుకు పట్టుకోలేదు?

ప్రశ్న:
బి మీసాన్ అనే అల్పాయువు కణం కేయాన్ (మరో తేలికైన మీసాన్)తో పాటు మ్యువాన్ జంటగా, ఎలక్ట్రాన్ జంటగా క్షయమయ్యే రేట్ల నిష్పత్తే ఆర్‌కే. 2021 మార్చిలో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం దీన్ని 0.846 అని ప్రకటించింది. ప్రామాణిక నమూనా (కణ భౌతికశాస్త్రపు ప్రస్తుత సిద్ధాంతం) ప్రకారం ఇది దాదాపు 1 ఉండాలి, తేడా 3.1 సిగ్మా (సిగ్మా అంటే కొలతలోని అనిశ్చితి). 2022 డిసెంబరులో అదే డేటాను మళ్లీ విశ్లేషిస్తే 0.949 వచ్చింది, తేడా పోయింది. కానీ 2021లోనే జే/సై (మ్యువాన్, ఎలక్ట్రాన్ జంటలుగా సమానంగా విడిపోయే కణం) మీదుగా జరిగే క్షయాలతో ఇదే నిష్పత్తిని సరిచూస్తే, 1 రావాల్సిన చోట 0.981 (±0.020) వచ్చింది కదా. ఆ పరీక్ష నెగ్గాక కూడా పొరపాటు ఎలా మిగిలింది?

జవాబు 1:
చిక్కంతా హారంలో, అంటే ఎలక్ట్రాన్ జంటల లెక్కలో ఉంది. కోటి బి-ప్లస్ (ధనావేశం ఉన్న బి మీసాన్) క్షయాలు తీసుకోండి. కేయాన్, ఎలక్ట్రాన్ జంట వచ్చేవి సుమారు 5. కేయాన్, రెండు పయాన్లు (ఇంకా తేలికైన మీసాన్లు) వచ్చేవి సుమారు 510. ఒక్కో పయాన్‌ని ఎలక్ట్రాన్‌గా పొరబడే అవకాశం 2 శాతం అనుకుంటే, రెండూ ఒకేసారి జల్లెడ దాటేది పదివేలకు 4 సార్లు. అంటే 510లో 0.2. అసలు 5 మీద అది 4 శాతం!

పయాన్‌కి ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి అంటగట్టినా మొత్తం ద్రవ్యరాశి కొంచెమే జరుగుతుంది. డిటెక్టర్ అయస్కాంతానికి ముందే ఎలక్ట్రాన్లు ఫోటాన్లను వదిలి శక్తి పోగొట్టుకుంటాయి కాబట్టి ద్రవ్యరాశి గ్రాఫులో వాటి శిఖరం వెడల్పుగా ఉంటుంది, ఈ నకిలీలు దాని కిందే దాక్కుంటాయి. హారం ఉబ్బుతుంది, ఆర్‌కే తగ్గుతుంది.

ఇక జే/సై. అదే కోటిలో జే/సై మీదుగా ఎలక్ట్రాన్ జంట వచ్చేవి సుమారు 600. అంత గుంపులో 0.2 ఎక్కడ కనిపిస్తుంది? ఆ పరీక్ష ట్రిగ్గర్ (ఘటనలను ఎంచుకోవడం), ట్రాకింగ్ (కణాల దారి గుర్తించడం) సామర్థ్యాలు సరిగ్గా ఉన్నాయని చెబుతుంది. అరుదైన మార్గంలోని నేపథ్యం (సిగ్నల్‌లా కనిపించే నకిలీలు) గురించి ఏమీ చెప్పదు.

జవాబు 2:
పై లెక్క దారి చూపడానికి బాగుంది, కానీ ఆ 2 శాతం స్థిరం కాదు, కణం ద్రవ్యవేగాన్ని బట్టి మారుతుంది. పయాన్ స్థానంలో కేయాన్ ఉన్న క్షయాలు, ఒక కణం తప్పిపోయిన క్షయాలు కూడా కలుస్తాయి. అందుకే 2022లో రెండు పనులు చేశారు. ఎలక్ట్రాన్ గుర్తింపు షరతు బిగించారు. దాని తర్వాత కూడా మిగిలే నకిలీలను సిమ్యులేషన్ మీద వదిలేయకుండా డేటా నుంచే అంచనా కట్టారు: గుర్తింపులో ఫెయిలైన ఘటనలు తీసుకుని, డీ-స్టార్ అనే మీసాన్ క్షయాల్లోని పయాన్లు, కేయాన్లతో కొలిచిన పొరపాటు రేటుతో భారాలు వేసి, ఫిట్‌లో (డేటాకు వక్రరేఖలు సరిపెట్టి సిగ్నల్ లెక్కించే పద్ధతిలో) కలిపారు. షరతు బిగించి ఊరుకుంటే చాలదు. మిగిలిన కొద్దిపాటి నేపథ్యం కూడా శిఖరం ఆకారంలోనే ఉంటుంది, ఫిట్ దాన్ని సిగ్నల్‌గా లెక్కేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు అర్థమైంది, ధన్యవాదాలండి. మరి ఈ క్షయాల్లో ఇక వెతకాల్సింది మిగిలిందా?

జవాబు 2:
ఉందండీ. మ్యువాన్ మార్గాల రేట్లు, పీ5-ప్రైమ్ అనే కోణీయ రాశి ఇంకా లెక్కతో సరిపోవడం లేదు. అయితే అక్కడ చార్మ్ క్వార్క్ లూపుల ప్రభావాన్ని కచ్చితంగా గణించడం కష్టం, అందుకే ఎటూ తేలడం లేదు. ఆ బెడద లేని దారి కేయాన్, న్యూట్రినో జంట. ప్రామాణిక నమూనా ప్రకారం కోటికి సుమారు 56 రావాలి. జపాన్‌లోని బెల్-2 (ఐఐటీ హైదరాబాద్ కూడా అందులో ఉంది) 2023లో 230 (±70) అని చెప్పింది, తేడా 2.7 సిగ్మా. అక్కడ నకిలీ వేరు: దీర్ఘాయువు తటస్థ కేయాన్ క్యాలరీమీటర్‌లో (కణాల శక్తి కొలిచే పరికరంలో) సరైన జాడ వదలకుండా పోతే న్యూట్రినోలాగే కనిపిస్తుంది. ఆ పేపరు చదివితే ముందు ఆ సవరణ ఎలా చేశారో చూడండి.