అప్‌డేట్: లైవ్ ట్రాఫిక్ చూసుకుని విజయవాడ బయల్దేరాం

సంక్రాంతికి ఎల్బీ నగర్ నుంచి విజయవాడ వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో ట్రాఫిక్ రిపోర్టులు చూస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా అని అడిగాను కదా. ఉంది. కాకపోతే మ్యాప్‌లో రోడ్డు మీద కనిపించే ఎర్ర గీత ఒక్కటే చూస్తే చాలదు.

గూగుల్ మ్యాప్స్‌లో ఆ రంగు, రోడ్డు మీదున్న ఫోన్లు ఎంత వేగంగా కదులుతున్నాయో దాన్నిబట్టి వస్తుంది. బండ్లు ఆగాయని చెబుతుంది గానీ ఎందుకు ఆగాయో చెప్పదు. మీలో ఒకరు చెప్పినట్టు గీత మీదున్న గుర్తును నొక్కితే అసలు సంగతి తెలిసింది: యాక్సిడెంటా, రోడ్డు పనులా, రిపోర్ట్ చేసి ఎంతసేపైంది అని. నా లెక్కలో ఆ చివరిదే ముఖ్యం. పాత రిపోర్టును నమ్మి దారి మార్చుకోవడం దండగ.

పండగ ముందు పంతంగి టోల్ దగ్గర ఎరుపు మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు. కానీ చౌటుప్పల్ దగ్గర అప్పుడే పెట్టిన యాక్సిడెంట్ గుర్తు కనిపించింది. వెంటనే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఘట్‌కేసర్‌లో దిగి, భువనగిరి, రామన్నపేట మీదుగా చిట్యాల దగ్గర హైవే అందుకున్నాం. చుట్టుదారని మా ఆవిడ గొణిగింది, బండి ఆగకపోయేసరికి ఊరుకుంది.

ముందు రోజే బయల్దేరే టైమ్ పెట్టి చూసేవాళ్లకు ఒక మాట: అది పాత ట్రాఫిక్‌ను బట్టి వేసే అంచనా, రేపటి యాక్సిడెంట్ అందులో ఉండదు. దారిలో బండి ఆగిపోతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033. మాకు ఆ అవసరం రాలేదు.