మరణశిక్ష పడినవారికి పెరోల్ ఎలా సాధ్యం? మ్యాన్సన్ ముఠా కేసుపై ఒక సందేహం

ప్రశ్న: కృష్ణాతీరం

1969 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో నిండు గర్భిణి అయిన నటి షారన్ టేట్‌తో సహా ఏడుగురిని వరుసగా రెండు రాత్రుల్లో చంపిన చార్లెస్ మ్యాన్సన్ ముఠా గురించి ఈ మధ్య చదువుతున్నాను. 1971లో వీరికి మరణశిక్ష పడిందని ఒకచోట, వీరిలో లెస్లీ వాన్ హౌటెన్ 2023లో పెరోల్ మీద (అంటే మన దగ్గరలా తాత్కాలికంగా కాదు, షరతులతో శాశ్వతంగా) విడుదలయ్యారని మరొకచోట ఉంది. ఉరికంబం దాకా వెళ్లినవారు పెరోల్ అడిగే స్థితికి ఎలా వచ్చారు? కొన్నేళ్లకొకసారి జరిగే ఆ విచారణలో అసలు తేల్చేది ఏమిటి? హతుల బంధువులు ప్రతిసారీ వచ్చి అదే ఘోరాన్ని తిరిగి చెప్పుకోవలసి రావడం న్యాయమేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: పాత ప్లీడరు

మొదటి సందేహానికి సమాధానం 1972లో ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మరణశిక్ష రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పడంతో, అప్పటికి ఆ శిక్ష పడి ఎదురుచూస్తున్నవారందరి శిక్షలూ యావజ్జీవంగా మారాయి. హత్య నేరానికి పెరోల్‌కు వీలులేని యావజ్జీవం అనే శిక్ష అప్పటికి ఆ రాష్ట్ర చట్టంలో లేదు కాబట్టి, మ్యాన్సన్‌కైనా, అమెరికా సెనేటర్ రాబర్ట్ కెనెడీని కాల్చిచంపిన సిర్హాన్‌కైనా దరఖాస్తు చేసుకునే హక్కు దానంతట అదే వచ్చింది. చట్టసభ కోరి ఇచ్చిన వరం కాదది.

ఇక విచారణ సంగతి. నేరం చేశారా లేదా అన్నది అక్కడ తిరగదోడరు. ఖైదీని వదిలితే ప్రజల భద్రతకు ముప్పు ఉంటుందా అన్నదే పెరోల్ బోర్డు కమిషనర్ల ముందున్న ప్రశ్న. జైలు నడవడిక, మనస్తత్వ నిపుణుల నివేదిక, వయసు, బయట ఆశ్రయమిచ్చేవారు ఉన్నారా లేదా అన్నవన్నీ చూస్తారు. 2008లో లారెన్స్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, నేరం ఎంత క్రూరమైనదైనా, ఆ ఖైదీ నేటికీ ప్రమాదకరమని అది సూచిస్తే తప్ప, ఆ క్రూరత్వం ఒక్కటే కారణంగా పెరోల్ నిరాకరించరాదని స్పష్టం చేసింది. అప్పటినుంచి తన నేరం వెనుక ఉన్న కారణాలను ఖైదీ తాను ఎంతవరకు గ్రహించాడన్నదాని చుట్టూనే వాదన తిరుగుతోంది. ‘మ్యాన్సన్ చెప్పాడు, చేశాం’ అనేవారు ఇక్కడే చిక్కుకుపోతారు.

బోర్డు ఒప్పుకున్నా పని పూర్తికాదు. 1988లో ఓటర్లు ఆమోదించిన సవరణ వల్ల హత్య కేసుల్లో బోర్డు నిర్ణయాన్ని తిరగరాసే అధికారం గవర్నర్‌కు వచ్చింది.

జవాబు: గోదారి గట్టు

మూడో ప్రశ్నకు నేను చెబుతాను, ఎందుకంటే చట్టం తెలిసినవారు సాధారణంగా దీన్ని దాటవేస్తారు. షారన్ తల్లి డోరిస్ టేట్ 1980ల మొదట్లో రంగంలోకి దిగేదాకా, హతుల కుటుంబాల గోడు ఈ విచారణల్లో వినపడేది కాదు. 1982లో ఓటర్లు ఆమోదించిన చట్టంతో వారికి మాట్లాడే హక్కు దక్కింది. 1992లో ఆమె పోయాక చిన్న కూతురు ప్యాటీ, 2000లో ప్యాటీ కూడా పోయాక మరో కూతురు డెబ్రా ఆ పని చేస్తూ వచ్చారు. ఒక ఇంటిలో ముగ్గురు ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు జైళ్ల చుట్టూ తిరగవలసి వచ్చిందంటే, దాన్ని హక్కు అనాలో శిక్ష అనాలో నాకు తెలియడం లేదు. 2008 నాటి మార్సీ చట్టం కొంత ఊరటనిచ్చింది. ఒకసారి నిరాకరిస్తే తదుపరి విచారణను 15 ఏళ్ల వరకు వాయిదా వేయవచ్చు. 2012లో మ్యాన్సన్‌కు ఆ 15 ఏళ్లే వేశారు. అతను 2017లో 83 ఏళ్ల వయసులో ఖైదీగానే చనిపోయాడు.

జవాబు: పాత ప్లీడరు

ఆ కుటుంబం పడ్డ వేదనను ఎవరూ కాదనలేరు. కానీ వాన్ హౌటెన్ సంగతి వేరుగా చూడాలి. టేట్ ఇంట్లో హత్యలు జరిగిన రాత్రి ఆమె అక్కడ లేరు. మరునాడు లాబియాంకా దంపతుల హత్యలో పాల్గొన్నారు, అప్పటికి వయసు 19. విచారణ మధ్యలో ఆమె న్యాయవాది కనిపించకుండా పోయినందువల్ల మొదటి తీర్పును 1976లో కొట్టివేశారు, రెండోసారి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, 1978లో మూడోసారి యావజ్జీవం పడింది. 2016 నుంచి బోర్డు ఆమెకు ఐదుసార్లు పెరోల్ మంజూరు చేస్తే, రెండుసార్లు అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్, మూడుసార్లు ఆయన తర్వాత గవర్నర్ అయిన గావిన్ న్యూసమ్ అడ్డుకున్నారు. చివరకు 2023 మేలో అప్పీలు కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా గవర్నర్ నిర్ణయాన్ని రద్దుచేయడంతో జులైలో, 73 ఏళ్ల వయసులో, ఆమె బయటకు వచ్చారు.

గవర్నర్ ప్రజల ఓట్లతో గెలిచే మనిషి. పేరుమోసిన హంతకుడిని వదిలాడన్న నింద మోయడానికి ఎవరు సిద్ధపడతారు? కెనెడీ కొడుకులు ఇద్దరు సిర్హాన్ విడుదలను సమర్థించినా, 2021లో బోర్డు ఇచ్చిన ఆమోదాన్ని 2022 జనవరిలో న్యూసమ్ తోసిపుచ్చారు. ఇదే ముఠాలో హత్యా నేరం మీద లోపలికి వెళ్లిన స్టీవ్ గ్రోగన్ మాత్రం 1985లోనే విడుదలయ్యాడు. శవాన్ని పూడ్చిన చోటు పోలీసులకు చూపించడం అతనికి కలిసివచ్చింది, గవర్నర్‌కు ఈ అధికారం అప్పటికి లేకపోవడం కూడా.

ప్రశ్న: కృష్ణాతీరం

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మన దగ్గర యావజ్జీవ ఖైదీలను సత్ప్రవర్తన కింద వదిలేటప్పుడు ఇటువంటి విచారణ ఏదైనా జరుగుతుందా?

జవాబు: పాత ప్లీడరు

ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చునే విచారణ లేదు. మరణశిక్షకు అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడితే కనీసం 14 ఏళ్లు లోపల ఉండాలి; ఆ తర్వాత నివేదికలు చూసి నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. సరిచూసే బాధ్యత చివరకు న్యాయస్థానం మీద పడుతుంది. బిల్కిస్ బానో కేసులో 11 మందిని గుజరాత్ ప్రభుత్వం 2022లో వదిలితే, విచారణ జరిగింది మహారాష్ట్రలో కనుక ఆ అధికారం గుజరాత్‌కు లేదని 2024 జనవరిలో సుప్రీంకోర్టు వారిని తిరిగి జైలుకు పంపింది. యావజ్జీవ శిక్ష కాకపోయినా, ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఇచ్చిన క్షమాభిక్షను రద్దుచేసిన 2006 నాటి ఏపూరు సుధాకర్ తీర్పు కూడా చదవండి. ఖైదీ మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట అక్కడ నివేదికలోకి ఎక్కింది. కాలిఫోర్నియాలో విచారణలో పలికిన మాటలన్నీ లిఖితరూపంలో ఎవరైనా తెప్పించుకుని చదువుకోవచ్చు. మన దగ్గర అటువంటి నివేదిక బయటపడాలంటే ఎవరో ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.